ఊటా ఆయ్తా?

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయిలు పొద్దున్నే ఒకరి వెనక ఒకరు మెట్లు దిగుతారు. అందరూ ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్ళే. ఇంకా తాళి పడని మెడల్లో కంపెనీ కట్టిన తాడు వేలాడుతుంటుంది. మెట్ల కింద కుర్చీ వేసుకుని, ఒళ్ళో బీన్సు పెట్టుకుని, దిగే ప్రతి పిల్లనూ "తింటివా?" అని అడగడం నాకు అలవాటు. అది నా మంచితనమేమీ కాదు, ఈ ఊరి జబ్బు. బెంగళూరులో మనిషికి మనిషి ఎదురైతే నమస్కారం చెప్పరు, "ఊటా ఆయ్తా?" అంటారు, భోజనం అయిందా అని. మూడు తరాలుగా ఇక్కడే పడి ఉన్న మా తెలుగువాళ్ళం కూడా అదే మాటతో పలకరించుకుంటాం. దానికి జవాబు ఒకటే, "ఆయ్తు", అయిందని. అడిగినవాడు ఆ జవాబు కోసం ఆగడు. ఆగితే వాడికి బస్సు పోతుంది.

పైన మూలగదిలో ఉండే పిల్ల మాత్రం నేను నోరు తెరవకముందే "అయిందాంటీ" అంటుంది. ప్రశ్న కంటే జవాబు ముందు పుట్టడం నేను ఇంకొక్కరి దగ్గరే చూశాను. ఆ ఒక్కరూ మా అమ్మ. ఆ పిల్ల జవాబు గురించి నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు అటక మీది పెట్టె దించమని మా ఆయన్ని సతాయించాను. ఆయన మోకాళ్ళనూ నన్నూ కలిపి తిట్టుకుంటూ దించారు. అడుగున, పాత పట్టుగుడ్డలో చుట్టి, మా ఇంటి కంచు ఉగ్గుగిన్నె దొరికింది. పసిబిడ్డలకు ఉగ్గు పోసే ఆ చిన్న గిన్నెకు ముక్కు అరిగిపోయి ఉంది. మా అమ్మకు నేనొక్కదాన్నే సంతానం. ఒక్క బిడ్డ నోరు ఎంత గట్టిదైనా కంచును అట్లా అరగదీయలేదు.

మేము అప్పుడు చిక్కపేట వెనక సందులో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. ఒకే వాకిలి, లోపల రెండు వరసల్లో ఇళ్ళు, అందరికీ ఒకటే కొళాయి. నాయన చీరల టోకు దుకాణంలో పనిచేసేవాడు, వచ్చినవాళ్ళ ముందు చీరలు విప్పి పరచడం, వాళ్ళు పోయాక మళ్ళీ మడవడం. నాకూ బడికీ ఎనిమిదో తరగతిలో తెగింది. ఎవరు ఎవరిని వదిలించుకున్నారో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత నేను ఇంట్లో కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టేదాన్ని. తెల్లవారేసరికి రంపపు పొట్టు పొయ్యి పొగ, దాని మీద అమ్మ వేయించే ధనియాల వాసన, కొత్తబట్టల గంజి వాసన, మూడూ కలిసి ఇంట్లో తిరిగేవి. మా ఇంట్లో గంజి నాయన చొక్కాకూ అమ్మ కడుపుకూ సమంగా ఖర్చయ్యేది.

ఎందుకంటే అమ్మ అన్నం తినేది కాదు. వంట మాత్రం వఠారమంతా ముక్కు పైకెత్తేలా చేసేది. ఉప్పు రుచి చూడకుండానే సరిపోయేది. అందరికీ కొసరి కొసరి వడ్డించేది, మళ్ళీ మారు వేసేది, "ఇంతేనా, ఇంకొంచెం" అని ప్రాణం తీసేది. తను ఎప్పుడు తిన్నదో ఎవరూ చూడలేదు. చూడకపోవడానికి దేవుళ్ళు సాయం చేశారు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం రాఘవేంద్ర రాయరు, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకటరమణ, మధ్యలో ఏకాదశి, సంకష్టి చవితి. వారమంతా ఒక్కపొద్దులే. ఒక్కపొద్దు అంటే కనీసం ఒక పూట తినాలి కదా, ఆ ఒక్క పూట ఎటు పోయిందని ఎవరికీ తోచలేదు. పైగా మా అమ్మ సన్నగా ఉండేది కాదు. గుండ్రటి మొహం, నిండు భుజాలు. ఆ ఒంటిని చూసి ఈమె తినదంటే ఎవరు నమ్ముతారు? పండగ పూట వఠారం ఆడవాళ్ళు వచ్చి ఆమె కాళ్ళకు మొక్కేవాళ్ళు. వాళ్ళు వంగినప్పుడల్లా అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కునేది. వినయం అనుకునేవాళ్ళు.

నాకు తెలిసింది నా కుచ్చుల వల్ల. వెలుతురు కోసం నేను వంటింటి గడప దగ్గర కూర్చునేదాన్ని. మధ్యాహ్నం వఠారం కునుకు తీసే వేళ అమ్మ గోడ వైపు తిరిగి, ఉగ్గుగిన్నెలో పలుచటి రాగిగంజి పోసుకుని, దారంలాగా ఒక్క ధార నోట్లోకి వదిలి, కళ్ళు మూసుకుని ఆగేది. చిక్కపేట సందులో తోపుడుబండ్ల మధ్య రోడ్డు దాటే మనిషి అటూ ఇటూ చూసుకుని అడుగు వేస్తాడే, అట్లా మింగేది. మింగాక కాసేపు ఆగి, తను ఇంకా బతికే ఉందని నిశ్చయం చేసుకుని, రెండో ధార. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏమ్మా, నాకు తమ్ముడు పుట్టలేదని నువ్వే ఉగ్గు తాగుతాండావా?"

అమ్మ ఉలిక్కిపడలేదు. గిన్నె కడుక్కుంటూ అంది, "అన్నం గొంతుకాడికి వస్తానే గొంతు వాకిలేసుకుంటాది మే. నేను వేసేది కాదు. అదే వేసుకుంటాది."

"ఎప్పటి నుంచి?"

"యాడ గుర్తుండాది. నువ్వు బడి మానేసినప్పటి నుంచీ అనుకో."

"అయితే నా సదువు నీ గొంతులో అడ్డం పడిందన్నమాట."

అమ్మ నవ్వింది. నవ్వగలిగిన మనిషి మింగలేకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. రెండూ అదే గొంతు కదా.

వఠారానికి తెలిసిన రోజు ఒకటుంది, కానీ వాళ్ళకు తెలిసింది వేరు. పక్కింటి గౌరక్క కన్నడం మనిషి, తెలుగును కన్నడంలో ముంచి మాట్లాడేది. ఆమె వాకిట్లో అన్నం వారుస్తుంటే ఆ ఆవిరి తగిలి అమ్మ కొళాయి దగ్గర వాంతి చేసుకుంది. గౌరక్క పరుగున వచ్చి వీపు నిమిరింది, మొహం చూసింది, మళ్ళీ పొట్ట వైపు చూసింది. సాయంత్రం చీర కొంగు కింద దాచుకుని పచ్చిమామిడికాయ తెచ్చి ఇచ్చింది.

"తిను అక్కా. ఎన్ని తింగళు?"

తింగళు అంటే నెల. అమ్మకు అప్పుడు యాభై దగ్గర పడుతోంది. వేవిళ్ళు అనుకుంది మహాతల్లి. ఆ రాత్రికి అది కొళాయి చుట్టూ తిరిగి, మర్నాటికి నాయన దుకాణం దాకా పోయింది. అక్కడ ఎవరో ఆయనతో నవ్వుతూ చిన్న చీరలు చూపించమన్నారట, ఊయలకు. నాయన ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు. నేను మాత్రం, "ఎవరు పుట్టినా సరే, కుచ్చులు కట్టేదానికి ఒక చెయ్యి సాయమొస్తాది" అన్నాను. అమ్మ నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అందులో ఎన్ని నవ్వు నీళ్ళో నేను విడదీయలేదు.

తర్వాత డాక్టర్లు. వీధి చివర ఆయన కడుపులో పుండు అన్నాడు. ఆయన పక్క వీధి ఆయన నులిపురుగులన్నాడు. మూడో ఆయన నరాల బలహీనత, ముట్లుడిగే వయసు, అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. చివరికి ఒక పెద్దాసుపత్రిలో, బాగా చదువుకున్న కుర్ర డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన ఓపికగా విన్నాడు, అది ఒప్పుకోవాలి. విని, ఇట్లాంటి జబ్బు ఒకటుందని, అది సన్నబడాలనే పిచ్చితో తిండి మానేసే చిన్నవయసు ఆడపిల్లలకు, అదీ బయటిదేశాల్లో వస్తుందని చెప్పాడు. చెప్పి అమ్మను చూశాడు. వయసు కుదరలేదు, ఒళ్ళు కుదరలేదు, దేశం కుదరలేదు. అప్పుడు ఆయన చూపు నా మీద పడింది. నేను ఆ రోజుల్లో చీపురుపుల్లలా ఉండేదాన్ని.

"మీ అమ్మాయి సరిగా తింటుందా?" అని నాయన్ని అడిగాడు.

"మా పాప తినేది జూస్తే తగ్గేదానికి మందిస్తారు సార్," అన్నాడు నాయన.

అయినా ఆయన నన్నే బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళూ నాలుకా చూసి, టానిక్కు రాసిచ్చాడు. అది తాగితే ఆకలి రెట్టింపయింది. అమ్మ జబ్బుకు మందు నేను తాగి, అమ్మ వండిన అన్నం కూడా నేనే తిన్నాను. మా ఇంట్లో వైద్యం అక్కడితో ముగిసింది.

నా పెళ్ళి మడివాళలో కుదిరింది. ఇప్పుడు అడుగడుగునా హాస్టలు బోర్డులున్న ఈ మడివాళ అప్పుడు చెరువు, రాగి చేలు, మధ్యలో నాలుగు వీధులు. అబ్బాయికి ఫ్యాక్టరీలో పని, వాళ్ళ అమ్మకు రెండు ఆవులూ ఒక పెద్ద గొంతూ ఉండేవి. మా అత్త గుసగుస చెప్పినా పక్క పొలంలో కొంగలు లేచేవి. పెళ్ళిలో అమ్మకు ఇబ్బంది కాలేదు. పెళ్ళికూతురి తల్లి అందరి తర్వాత తింటుంది, అందరి తర్వాత ఎవరు చూస్తారు? ఆ పైన ఇంకొక పాత ఆచారం ఆమెను కాపాడింది. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్ళు అల్లుడింట్లో అన్నం ముట్టకూడదని మావాళ్ళలో ఉండేది. అప్పటికే చాలా ఇళ్ళలో వదిలేశారు. మా అమ్మ మాత్రం దాన్ని రెండు చేతులా పట్టుకుంది. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా అత్త వాకిట్లోనే, "ఊటా ఆయ్తా వదినా?" అని అరిచేది, అమ్మ "ఆయ్తు వదినా" అనేది. లోపలికి రమ్మంటే వచ్చేది, మంచినీళ్ళు తాగేది, అంతే. అత్త ఊరంతా చెప్పుకునేది, మా వియ్యపురాలిది ఎంత నిష్ఠ అని.

పెళ్ళయి కొన్నేళ్ళకు నేను కడుపుతో ఉన్నాను. అన్నం వాసన పడలేదు, పొయ్యి దగ్గరికి పోలేను, తిన్నది నిలవదు. దానికి నాకు జరిగిన మర్యాద చెబితే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మామిడికాయలు, చింతకాయ తొక్కు, కాళ్ళ కింద దిండు. గౌరక్క ఒకసారి బస్సెక్కి మరీ చింతపండు గొజ్జు తెచ్చింది. అదే వాంతి. వఠారం కొళాయి దగ్గర మా అమ్మ చేసుకుంటే నవ్వులాటయింది, నేను చేసుకుంటే సీమంతమయింది. ఆ సీమంతంలో నాకు గాజులు తొడుగుతుంటే అమ్మ చేతులు చల్లగా ఉన్నాయి. అందరూ నా కాన్పు గురించి భయమనుకున్నారు. నేనూ అట్లనే అనుకుని ధైర్యం చెప్పబోయాను.

"కాన్పుకు కాదు మే," అంది నా చెవిలో. "బిడ్డ పుడితే నాకు ఆకేస్తారు."

ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో అమ్మ నన్నూ పాపనూ మడివాళకు తోడుకొచ్చింది. అత్త ఇల్లంతా అలికించి, బంధువులను పిలిచి, వరసగా అరిటాకులు వేయించింది. పెసరపప్పు కోసంబరి, చిత్రాన్నం, పప్పు, నేతిలో మునిగిన ఓళిగలు, అంటే బొబ్బట్లు. మామగారి అక్క, మేమంతా పెద్దత్త అనేవాళ్ళం, గోడవారన మొదటి ఆకు ముందు స్థిరపడింది.

"ఇంకేం అడ్డం వదినా? మనవరాలు పుట్టె. రా, నా పక్కనే ఆకేసినా," అంది అత్త.

"నేను కడపట్లో తింటాలే. ముందు వాళ్ళను కానీ."

"కడపట్లో తినేదానికి ఇది నీ ఇల్లు కాదు. ఈడ నువ్వు సుట్టానివి."

అమ్మ కూర్చుంది. వడ్డించారు. అమ్మ పప్పూ అన్నం కలిపింది. మళ్ళీ కలిపింది. ముద్ద చేసింది, విప్పింది, మళ్ళీ ముద్ద చేసింది. పెద్దత్త కన్ను అటు పడింది.

"చిక్కపేట వాళ్ళకు మడివాళ అన్నం గొంతు దిగదేమో."

నేను పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాకు చేతనైంది ఒకటే. "మా అమ్మ కలిపేది ఇంకా ఫస్టాఫే పెద్దత్తా, ఇంటర్వెల్ దాకా ఓపిక పట్టు" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే జనం చూపు పక్కకు పోతుందని నా నమ్మకం, అన్నాళ్ళూ అట్లాగే పోయింది. ఆ రోజు నవ్వినవాళ్ళందరూ అమ్మ ఆకు వైపే చూశారు. ఆకు నిండుగా ఉంది. అత్త మొహం మారింది. వియ్యపురాలు తన ఇంట్లో ముద్ద మింగలేదంటే అది ఎంత మాటవుతుందో, రేపటి నుంచి ఆ ఇంట్లో కాపురం చెయ్యాల్సిన నాకు తెలుసు. అమ్మకు నాకంటే బాగా తెలుసు.

"ఏం వదినా, మా ఇంటి కూడు తినకూడదా?" అంది అత్త. మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వచ్చింది.

అమ్మ చేతిలో ముద్దను ఆకులో పెట్టేసింది. "నీ వంట బాగలేక కాదు వదినా. నాకు అన్నం మింగాలంటే బయం."

పెద్దత్త పెద్దగా నవ్వింది. "తల్లీ బిడ్డా ఇద్దరూ ఒకటే. మనుషుల్ని నవ్వించి సంపుతారు." వరసంతా నవ్వింది. మాకున్న పేరు అట్లాంటిది, నిజం చెప్పినా హాస్యమే అనుకుంటారు.

అత్త నవ్వలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"శానా నాళ్ళాయ."

"మీ ఇంట్లో కూడానా?"

"యాడైనా అంతే."

"అయితే ఆయ్తు, ఆయ్తు అంటివే?"

"నువ్వు అడిగితివి కదా వదినా," అంది అమ్మ.

అత్త లేచింది. ఎంగిలి చేత్తోనే, వడ్డించినవి వడ్డించినట్టే ఉన్న అమ్మ ఆకును కడుపారా తిన్న మనిషి మడిచినట్టు అమ్మ వైపుకు మడిచింది. "వదినది అయింది" అంది. అని ఆ ఆకు తనే ఎత్తింది.

"వియ్యపురాలి ఎంగిలాకు నువ్వెత్తేదేంది?" అంది పెద్దత్త.

"నా ఇల్లు, నా ఆకు. నువ్వు తిను, నీ ఓళిగ సల్లారిపోతాది."

నేను పాపను పడుకోబెట్టడానికి లోపలి గదిలోకి పోతే అమ్మా నా వెనకే వచ్చింది. అత్త ఆకు ఆవులకు వేసి వచ్చి, అన్నం వార్చిన గంజిలో కాస్త మజ్జిగా ఉప్పూ కలిపి, పాప పడుకున్న గదిలోకి తెచ్చింది. పాప సంచిలోంచి తీసిన ఉగ్గుగిన్నె బయట ఉంది. అత్త దాన్ని చూసింది, అమ్మను చూసింది, ఆ గంజి అందులోకే వంచింది. బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఎవరు అటు వచ్చినా, "పాప పండుకోనుండాది, పోండి" అని అరిచింది. ఆ అరుపుకు పాప లేవకపోవడం ఆ రోజు జరిగిన రెండో వింత.

అమ్మకు నయమైపోయిందని నేను చెప్పబోవడం లేదు. కొన్ని నెలలు మెత్తటి అన్నం దాకా వచ్చేది, మళ్ళీ గంజికి పోయేది. కారణం ఆమెకు తెలియలేదు, నాకు తెలియలేదు, టానిక్కు డాక్టరుకు అసలే తెలియలేదు. అప్పటి ఆ మూడు నెలల పాప ఇప్పుడు తలకు రంగు వేసుకుంటోంది. మొన్న ఫోనులో ఏదో చదివి చెప్పింది. "అమ్మా, ఇట్లాంటివాటికి ఇప్పుడు చాలా పేర్లు ఉండాయంట. లావుగా ఉన్నా వస్తాయంట, ముసలివాళ్ళకూ వస్తాయంట. ఏ పేరుకీ సరిపోనివాళ్ళ కోసం 'ఇతరములు' అని కూడా పెట్టినారంట." హోటలు బోర్డు మీద ఇడ్లీ, దోసె, పూరీ రాసి చివర ఇతరములు అని రాస్తారే, అట్లా. మా అమ్మ ఇతరములు. నవ్వుకున్నాను కానీ, ఆ చివరి మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మ బతికి ఉండగా ఆ బోర్డు మీద ఆమెకు ఆ పాటి చోటు కూడా లేదు. ఉన్నది దేవుళ్ళ ఒక్కపొద్దులు, బిడ్డ పుట్టేదాకా ఆచారం, ఇంకా "ఆయ్తు".

ఇప్పటి వాళ్ళకు దేవుళ్ళ సాయం కూడా లేదు. ఆ మూలగది పిల్లకు డైటింగు అనో, ఆఫీసులో తిన్నాననో చెప్పుకునే వీలుంది, అదే ఆమె ఒక్కపొద్దు. నాకు ఆ పిల్ల సంగతి ఏమీ తెలియదు. నా అనుమానం తప్పయినా కావచ్చు, ఆ డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టినట్టు. అయినా ఉగ్గుగిన్నె దొరికిన మర్నాడు ఆ పిల్ల మెట్లు దిగుతుంటే, "పైన కొళాయిలో నీళ్ళు సరిగా వస్తాండాయా?" అని అడిగాను. "అయిందాం" దాకా అని ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు తయారుగా లేదు పాపం. "పొద్దున సన్నగా వస్తున్నాయాంటీ" అంది. ప్లంబర్ని పిలిపిస్తానన్నాను. నిజంగానే సన్నగా వస్తున్నాయి.

ఆ ప్రశ్న నాది కాదు, మా అత్తది. ఆకు మడిచిన రోజు తర్వాత ఆమె అమ్మను ఊటా ఆయ్తా అని మళ్ళీ అడగలేదు. ఊళ్ళో ప్రతివాణ్ణీ అడిగేది, పాలు పోయించుకునేవాళ్ళను అడిగేది, ఆవులనూ అడిగేది. అమ్మ వాకిట్లోకి రాగానే మాత్రం, "నీళ్ళొచ్చినాయా వదినా మీ వఠారంలో?" అనేది. అట్లా ఏళ్ళు గడిచాయి. ఒకరోజు అత్త అరుగు మీద కూర్చుని దంటాకు, అంటే తోటకూర, వలుస్తోంది. నేను పక్కనే పాపకు జడ వేస్తున్నాను. అమ్మ వచ్చి, చెప్పులు విడిచి, అరుగు చివర కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఈ పొద్దు తింటిని వదినా," అంది అమ్మ. "అన్నమే."

అత్త తలెత్తలేదు. "మంచిది," అంది. "నీళ్ళొచ్చినాయా?" అని అడిగింది.

"వచ్చినాయి," అంది అమ్మ.

అత్త వలుస్తూనే ఉంది. ఆకులు చెత్తలోకీ, పారేసే ముదురు కాడలు గిన్నెలోకీ వేస్తోంది.